పసుపు పెట్టక ముందు

చేతులకి బ్రెడ్డు కవర్లు తొడుక్కుని, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు బిగించుకుని, చిన్నతల్లి పెరట్లో పడవ పక్కన పీట వేసుకుని కూర్చుంది. కొబ్బరి చిప్పలో ఎపాక్సీ బంక కలిపి ఉంది. అందులో మెత్తటి రంపపు పొట్టు జల్లి, గారెల పిండంత గట్టిగా వచ్చేదాకా పుల్లతో తిప్పింది. ఎక్కువ కలిపితే చిప్పలోనే వేడెక్కి పొగలు కక్కుతుంది. తక్కువ కలిపితే నడుం పట్టుకుని మళ్ళీ మళ్ళీ లేవాలి. ఈ బంక కనిపెట్టిన మహానుభావుడు ఎవడో గానీ, వాడింట్లో చాకిరీకి మనుషులు దండిగా ఉండి ఉంటారు.

కలిపిన లప్పాన్ని రెండు పలకలు కలిసే మూలలో పెట్టి, గరిటె వీపుతో నున్నగా లాగింది. వేళ్ళ సందుల్లో దురద అప్పుడే మొదలైంది. కవర్లు తొడుక్కున్నా ఆ తడి ఎక్కణ్ణించి దూరుతుందో దూరుతుంది, చర్మాన్ని కొరుకుతుంది. దసరా ముందు నుంచీ అరచేతులు పగిలి, వేళ్ళు వాచి, సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయింది. రైల్వే కాలనీ ఆడవాళ్ళు కుట్టమని ఇచ్చిన జాకెట్టు ముక్కలు కుట్టు మిషను మీద మూటగా పడి ఉన్నాయి. పక్క క్వార్టరు మంగాయమ్మ నిన్ననే వచ్చి తన గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

"ఏటే, ఇంకా అవ్వలేదా?" అంటూ ఆదినారాయణ సైకిలు లోపలికి తోసుకొచ్చాడు. చిన్నతల్లి మొగుడు క్యారేజీ షెడ్డులో వడ్రంగి. పొద్దస్తమానం రైలు పెట్టెల్లో విరిగిన బెర్తులకి ప్లైవుడ్డు తొడిగి వస్తాడు. ఇంటికొస్తే పెరట్లో మళ్ళీ ప్లైవుడ్డే ఎదురవుతుంది.

"అయిపోతే ఇక్కడెందుకు కూకుంటానయ్యా? హాయిగా నడుం వాల్చనా?"

"అది కాదే. రేపు తెల్లారి బండికి అన్నియ్య దిగిపోతాడు. షెడ్డు ముందర ఎస్టీడీ బూతుకి ఫోన్ సేసేడు."

"దిగనీ. ఆయన పడవే కదేటి."

ఆయన పడవే. ఆదినారాయణ అన్న శంకరరావుది విజయనగరం అవతల సముద్రపు ఒడ్డు ఊరు, చేపల వేట. పాత తెప్ప దుంగలు పుచ్చిపోయాయి, కొత్త దుంగలు దొరకడం లేదు. ఇప్పుడు పరాయివాళ్ళ పడవలో కూలికి పోతున్నాడు. ప్లైవుడ్డు పలకలు కోసి, అంచుల్లో బెజ్జాలు పెట్టి, రాగి తీగతో కుట్టి, అతుకులకి ఈ బంక పూసి, ఆరాక తీగ లాగేసే పద్ధతి ఒకటి వచ్చిందని ఎక్కడో చూసొచ్చి, తమ్ముడా నువ్వు వడ్రంగివి కదా అన్నాడు. తమ్ముడు ఊ అన్నాడు. ఊ అన్నవాడు షెడ్డుకి పోయాడు, పని పెళ్ళాం చేతికొచ్చింది.

అలా అని చిన్నతల్లిని ఎవరూ బలవంతం చెయ్యలేదు, అది కూడా చెప్పాలి. పెరట్లో పలకలు పరిచి ఉన్నప్పుడు అవి ఆమెకి అచ్చం జాకెట్టు ముక్కల్లాగే కనిపించాయి. పక్కలు, ముందు టక్కు, అడుగు. బల్లపరుపుగా ఉన్నవి కుట్టు బిగించేసరికి కడుపు తేరి లేచి నిలబడతాయంటే ఆమెకి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. రాగి తీగ ఆమే బిగించింది. మొదటి కుట్టుకి ముందే మొగుడితో ఒక్క మాట తీసుకుంది.

"నీళ్ళల్లోకి దింపిన రోజున ముందు నన్ను కూకోబెట్టాల. తర్వాత మీరూ మీరూ ఏటైనా సేసుకోండి."

"ఓస్, అంతేనా? నిన్ను కాకపోతే ఎవర్ని కూకోబెడతానే?" అన్నాడు ఆదినారాయణ.

చిన్నతల్లి పుట్టింది పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే. పడవ ఎక్కలేదు. పెళ్ళయిన కొత్తలో అత్తవారి ఊళ్ళో సముద్రాన్ని ఇసకలో నిలబడి చూసిందంతే. ఈ కుట్టు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ కూర తరుగుతున్నా, బట్టలు పిండుతున్నా, ఆ పడవలో తాను కూర్చున్నట్టూ అది కదిలినట్టూ అనిపించేది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని తనలో తనే నవ్వుకునేది. చేతులు మండిన రోజు ఆ ఒక్కదాన్నీ తలుచుకుని మళ్ళీ పీట మీద కూర్చునేది.

మర్నాడు శంకరరావు గోనెసంచిలో ఎండు నెత్తళ్ళ చేపలతో దిగాడు. ఎండకి నల్లబడి, ఉప్పుగాలికి ఎండిన మనిషి. కాళ్ళు కడుక్కోకుండానే తిన్నగా పెరట్లోకి నడిచి, పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. అరచెయ్యి ఆనించి ముందు నుంచి వెనక దాకా నిమిరాడు. అతుకు దగ్గర బొటనవేలు గోటితో గీరి చూశాడు. గోరు జారిపోయింది.

"ఒరే తమ్ముడూ," అన్నాడు. "బంగారం లాగుందిరా."

"అతుకులన్నీ నీ మరదలే అన్నియ్యా."

"అచ్ఛా!" అన్నాడు శంకరరావు, దిగీదిగడంతోనే ఈ ఊరి మాట నోటికి తగిలించుకుని. "సల్లగా ఉండమ్మా. ముందర మా అమ్మ పేరు రాయించేస్తాను. అప్పలనరసమ్మ."

చిన్నతల్లికి ఒళ్ళు పులకరించింది. పొగడ్త ఎవరికి చేదు! ఆ ఊపులోనే నెత్తళ్ళు వంకాయల్లో వేసి ఇగురు పెట్టింది. అన్నదమ్ములిద్దరికీ వడ్డించి, బావగారి ఎదుట కాస్త వారగా నిలబడి, ఉండబట్టలేక అనేసింది.

"ఆదివారం ఏటికి తీసుకెళ్ళినప్పుడు ముందర నేనే ఎక్కుతానండీ బావగారూ. ఈయన ఒప్పుకున్నారు."

శంకరరావు ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. కోపం కాదు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని విన్నట్టు ముఖం వాడిపోయింది.

"ఆడకూతురు పడవెక్కకూడదమ్మా."

"ఒక్కసారేనండీ. ఏట్లోనే. సముద్రంలోకి కాదు."

"ఏరైనా సముద్దరమైనా పడవ పడవేనమ్మా. నా మాట ఇను. మా పక్కింటోడు పెళ్ళాన్ని సరదాకి ఎక్కించుకున్నాడు. ఆ యేడే వల పోనాది, మడిసీ పోనాడు. అందువల్లో కాదో నాకు తెల్దు. నీటి మీద ఉన్నోడికి బెంగుంటాది. ఆ బెంగ నా నెత్తి మీద ఎట్టకు."

చిన్నతల్లి మొగుడి వంక చూసింది. ఆదినారాయణ కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు. చూపు ఎత్తలేదు. కాసేపటికి, "కాస్త చారు పొయ్యవే," అన్నాడు.

ఆమె చారు పోసింది. పొయ్యకేం చేస్తుంది? కానీ వంటింట్లోకి వచ్చి గిన్నెని ఠంగున దించింది. బావగారి మీద కోపం రాలేదు. ఆయన భయం ఆయనది. మాటిచ్చిన మనిషి చారు అడిగాడే, అదే ఒళ్ళు మండించింది.

సాయంత్రం నూతి గట్టు దగ్గర ఆదినారాయణ మెల్లిగా పక్కకి వచ్చాడు. "ఇప్పుడు గొడవెందుకే? పెద్దోడు. ఊరెళ్ళిపోతాడు. నీకు ఇంకోటి కట్టి పెడతాన్లే."

"ఎవరు కడతారు?" అంది చిన్నతల్లి. వాచిన చేతులు అతని ముఖం ముందు పెట్టింది. "ఈటితోనా?"

ఆదినారాయణ కొబ్బరినూనె సీసా తెచ్చి గట్టు మీద పెట్టి లోపలికి పోయాడు.

శనివారం పొద్దున్న కుళాయి వచ్చిన వేళ పడవలో నీళ్ళు నింపారు. బయటి నీరు లోపలికి రాదని తెలియాలంటే, లోపలి నీరు బయటికి పోకూడదు. బకెట్ల మోత చిన్నతల్లిదీ కూతురు శ్వేతదీ. మగవాళ్ళిద్దరూ నేల మీద పడుకుని అడుగున వేళ్ళు పెట్టి తడుముతున్నారు. జానెడెత్తు నిండాక శంకరరావు "ఆగండి," అన్నాడు. పడవ ముక్కు కింద ఒక చుక్క. తుడిచాడు. మళ్ళీ ఊరింది.

నీళ్ళన్నీ తోడి పోశారు. గుడ్డలతో తుడిచారు. ఎండ బాగా పడేలా పడవని తిప్పి పెట్టారు. కారుతున్న అతుకు ముందు బల్ల కింద, లోపల్లోపలికి, మూల చివర ఉంది. ఆదినారాయణ తల దూర్చాడు, భుజాలు పట్టలేదు. శంకరరావు ప్రయత్నించే పని కూడా పెట్టుకోలేదు.

"చిన్నతల్లైతే పడతాది," అన్నాడు ఆదినారాయణ, ఎవరి వంకా చూడకుండా.

శంకరరావు పడవ అంచు గట్టిగా పట్టుకున్నాడు, ఊగకుండా. "ఎక్కమ్మా. బేగి కానీ. ఆరాలి కదా, రేపే కదా."

ఎక్కమ్మా! చిన్నతల్లి ఆ మాట విని ఒక్క క్షణం ఆగింది. ఎవరికీ ఏమీ తట్టలేదు. చీర చెంగు బొడ్లో దోపి, బంక చిప్ప పట్టుకుని, లోపలికి ఎక్కి, వెల్లకిలా పడుకుని, బల్ల కిందికి జరుక్కుంటూ పోయింది. లోపల ఉక్కపోత. బంక వాసనకి తల దిమ్మెక్కింది. ముక్కుకి బెత్తెడు దూరంలో అతుకు. ముందు గరుకు రేగ్‌మాల్ కాగితంతో పాత లప్పం గీకింది. పొడి కళ్ళల్లో పడుతుంటే కళ్ళు మూసుకుని, చేత్తో తడుముకుంటూ గీకింది. తర్వాత చేతి కవరు తీసి అవతల పారేసింది. కవరుతో వేలు ఆ మూలకి పోవడం లేదు. ఉత్త చూపుడువేలితో లప్పం తీసి ఆ సందులో కూరింది. మంటకి కాలి వేళ్ళు ముడుచుకున్నాయి.

బయట శ్వేత గొంతు వినిపించింది. కాలేజీ పిల్ల, నోరూరుకోదు.

"పెదనాన్నా, ఏక్ బాత్ బతావో. అమ్మ ఎక్కకూడదన్నారు కదా. మరి ఇప్పుడు అందర్ హై కదా అమ్మ? ఇన్ని రోజులూ దీంట్లో చేతులు పెట్టే అంతా చేసింది. తబ్ కుఛ్ నహీ హువా? అప్పుడేం కాలేదా?"

"ఒసే, నోర్ముయ్యే," అన్నాడు ఆదినారాయణ.

"అడగనీరా," అన్నాడు శంకరరావు. బీడీ ముట్టించిన చప్పుడు. "ఇప్పుడిది పడవ కాదమ్మా. సెక్క. పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకి అప్పసెప్పినాకే పడవవుతాది. అందాకా ఎవరెక్కినా దోసం లేదు."

"పసుపు ఎవరు పెడతారు? మీరా?"

"మొగోడి సెయ్యి తగలకూడదు. ఇంటి కోడలు పెట్టాల. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేకపోనాది. రేపు మీ అమ్మే పెట్టాల."

శ్వేత ఏదో హిందీలో గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. చిన్నతల్లి బల్ల కింద కదలకుండా పడుకుంది. వేలు అతుకు మీదే ఉంది. మొత్తం చాకిరీ అంతా చెక్క వంతుకి వచ్చింది, సుఖం పడవ వంతుకి పోయింది. ఇంతకంటే తేటగా ఎవరూ ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదా. కాసేపటికి ఆ మాటని మళ్ళీ మొదటి నుంచి తలుచుకుంది. పసుపు పెట్టేదాకా చెక్క. ఎవరెక్కినా దోషం లేదు. పెట్టాల్సింది తాను. ఇంకోసారి తలుచుకుంది. ఇంకొంచెం లప్పం తీసి, నిమ్మళంగా, మూల చివరిదాకా పూసింది.

ఆదివారం పడవని ఠేలా బండి మీద కట్టి ఏటి ఒడ్డున తోర్వా ఘాట్‌కి తీసుకెళ్ళారు. దారి పొడుగునా జనం ఆగి చూశారు. రైల్వే కాలనీలో పడవేమిటి, పెళ్ళి ఊరేగింపేమిటి అన్నట్టు చూశారు. ఠేలా లాగుతున్న బుధ్‌రామ్ చిన్నతల్లి వైపు తిరిగి, "కా దీదీ, డోంగా తైఁ బనాయే హస్?" అని అడిగాడు, పడవ నువ్వే చేశావా అని. చిన్నతల్లి తలూపింది. ఆదినారాయణ ఆమె వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

వానలు వెనకబట్టినా అర్పా నదిలో నడుం లోతు నీళ్ళున్నాయి. మట్టి రంగు నీళ్ళు. అవతలి ఒడ్డున బట్టలు ఉతుకుతున్నారు. వంతెన మీద బొగ్గు గూడ్సు ఒకటి తాపీగా పోతోంది. అన్నదమ్ములిద్దరూ పడవని దింపి, సగం నీళ్ళలో, సగం ఇసక మీద ఉండేలా నిలిపారు. శంకరరావు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సూర్యుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఒళ్ళంతా భయం, భక్తి. ఈ పడవ సరిగ్గా నడిస్తే ఇంక ఎవరి కిందా కూలికి పోనక్కర్లేదు. అది అతని ముఖంలోనే రాసి ఉంది.

"ఏదమ్మా, పసుపు తే. ముందర పసుపు, తర్వాత కాయ."

చిన్నతల్లి ఇత్తడి గిన్నె పట్టుకుని ముందుకొచ్చింది. పొద్దున్నే తడిపి కలిపిన పసుపు. పడవ ముక్కు దగ్గర ఆగింది. అక్కడ ఆగి, వంగలేదు. పక్కకి వెళ్ళి, చీర కాస్త పైకి పట్టుకుని, కాలెత్తి లోపల పెట్టింది. రెండో కాలూ పెట్టింది. నడి బల్ల మీద కూర్చుని గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా!" అన్నాడు శంకరరావు.

"పసుపు ఇంకా పెట్టలేదు కదండీ బావగారూ," అంది చిన్నతల్లి. గొంతు పెంచలేదు. "నిన్న మీరే సెప్పేరు. అందాకా సెక్కేనట. ఎవరెక్కినా దోసం లేదట."

శంకరరావు గిన్నె కోసం చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. గిన్నె తీసుకున్నా పసుపుకి మగవాడి చెయ్యి తగలకూడదు. అది కూడా అతను చెప్పిందే. తమ్ముడి వైపు చూశాడు. "ఒరే, సెప్పరా."

చిన్నతల్లి కూడా అతని వైపే చూసింది. "తొయ్యవయ్యా," అంది.

ఆదినారాయణ ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచీ అన్న మాట జవదాటలేదు, అది ఆ ఒడ్డున బట్టలుతికేవాళ్ళకి కూడా తెలిసిపోయేట్టుంది. చెమట తుడుచుకున్నాడు. అతని చూపు ఆమె చేతుల మీద పడింది. గిన్నె చుట్టూ వాచిన వేళ్ళు, మధ్యలో చీలికలు. మొన్న నూతి గట్టు దగ్గర ముఖం ముందు పెట్టినప్పుడు చూడనివాడు ఇప్పుడు చూశాడు.

చెప్పులు విడిచాడు. తెడ్డు లోపల పడేశాడు. రెండు చేతులూ ఆనించి తోశాడు. ఇసక గరగరమంది, తర్వాత ఏ చప్పుడూ లేదు. తనూ ఎక్కి వెనక కూర్చున్నాడు.

పడవ ఒకసారి అటూ ఇటూ ఊగింది. చిన్నతల్లి అంచు పట్టుకుంది. మెల్లిగా నిలకడ వచ్చింది. నీళ్ళు పలకల కింద గలగలమంటున్నాయి, ఆమె పూసిన అతుకుల వెంట. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఏదో గొప్ప సంతోషం ముంచుకొస్తుందనుకుంది. రాలేదు. నిద్ర వచ్చింది. ఎన్నాళ్ళ నుంచో ఆపుకున్న నిద్ర. గిన్నె పక్కన పెట్టి, రెండు చేతులూ నీళ్ళలోకి వదిలింది. చల్లదనం మోచేతుల దాకా పాకింది. మంట తగ్గింది.

"తప్పయిపోయిందే," అన్నాడు వెనక నుంచి ఆదినారాయణ.

"మాటాడకు. తెడ్డెయ్యి," అంది చిన్నతల్లి, కళ్ళు మూసుకుని.

వంతెన నీడ దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. శంకరరావు ఒడ్డున గొంతుకూర్చుని ఉన్నాడు. పక్కన కొబ్బరికాయ. కోపం పోయి అలసట మిగిలింది అతని ముఖంలో కూడా. పడవ ఇసక తగిలాక లేచి, నీళ్ళలోకి దిగి, అది ఊగకుండా అంచు పట్టుకున్నాడు.

"తిన్నగా పోతందా అమ్మా?"

"పోతందండి. కొంచెం ఎడమ పక్కకి లాగుతాది."

"అచ్ఛా." శంకరరావు ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు. "పొద్దింకా ఎక్కలేదు. కావలిస్తే ఇంకోపాలి తిరిగి రండి. పసుపుకేటి తొందర."

చిన్నతల్లి అతని వంక చూసింది. పెద్దమనిషి, భయస్థుడు. తన భయాన్ని పక్కకి జరిపి ఆ మాట అన్నాడు. అతనికి ఎంత కష్టమైందో ఆమెకి తెలుసు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇన్నాళ్ళకి.

"సాలండి బావగారూ. అలిసిపోయేను," అంది.

దిగింది. వంగి, గిన్నెలోంచి పసుపు తీసి ముక్కుకి పూసింది. పగుళ్ళల్లోకి పసుపు దిగి చేతులు భగ్గుమన్నాయి. ఇంక ఇది పడవ. ఇంక తాను దీన్ని ఎక్కడానికి లేదు. తన చేత్తోనే ఆ మాట ముగించింది.

"సాలమ్మా. ముక్కుకి బొట్టెడితే సాలు," అన్నాడు శంకరరావు.

ఆమె ఆగలేదు. మళ్ళీ గిన్నెలో చెయ్యి ముంచింది. ముక్కు దగ్గర్నుంచి పక్క అతుకు మొదలుపెట్టి, తాను కుట్టిన కుట్టు కుట్టు మీదా, పూసిన బెత్తెడు బెత్తెడు మీదా పసుపు రాసుకుంటూ వెనక్కి నడిచింది. నీళ్ళు మోకాళ్ళు దాటి నడుం దాకా వచ్చాయి, అయినా రాసింది. చివర మూల తిరిగి రెండో పక్కకి వచ్చింది. ఆదినారాయణ గిన్నె తడవకుండా ఎత్తి పట్టుకుని ఆమె వెనకాలే నడిచాడు. శంకరరావు కొబ్బరికాయ చేత్తో పట్టుకుని, ఆమె పని అయ్యేదాకా ఒడ్డున నిలబడ్డాడు.